ముందు వెయ్యి వాట్లు, వెనక అయిదు

హోం థియేటర్ కొనాలని బయల్దేరారా? అయితే ముందు పెట్టెను తిప్పి చూడండి.

ముందు వైపు మంటల బొమ్మ. మంటల మధ్యలో ఎర్రటి అంకెలు: 1000 వాట్స్ పీఎంపీఓ. ఇప్పుడు వెనక వైపు. కింద మూలన, భూతద్దం లేనిదే కనపడని అక్షరాల్లో: ఇన్‌పుట్ 5 వోల్టులు, 1 ఆంపియర్. అయిదొకట్ల అయిదు. లోపలికి పోయేది అయిదు వాట్లు. బయటికొచ్చేది వెయ్యి!

శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని హైస్కూల్లో బెత్తం పట్టుకుని మరీ చెప్పారు మాస్టారు. పాపం, ఆయన పండగ ఆఫర్ల ప్రకటనలు చూసి ఉండరు. చూస్తే ఆ పాఠం చెప్పడం మానేసేవారు. అయిదు పోస్తే వెయ్యి పారే ఈ అద్భుత యంత్రాన్ని తీసుకెళ్లి శ్రీశైలంలో ఒకటి, నాగార్జునసాగర్‌లో ఒకటి బిగిస్తే పోలా? రెండు రాష్ట్రాల మధ్య జలవిద్యుత్తు తగువు ఒక్క పూటలో తీరిపోదూ? జెన్‌కోలు ఇంకా బొగ్గు కోసం సింగరేణి వైపు ఎందుకు చూస్తున్నట్టు?

పీఎంపీఓ అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. పేరు ఘనంగానే ఉంది. కొలిచే పద్ధతి? లేదు. అంతర్జాతీయ ప్రమాణం? అదీ లేదు. ఎంతసేపు కొలవాలి? శబ్దం ఎంత చెడిపోయే దాకా కొలవాలి? ఎన్ని స్పీకర్లు కూడి చెప్పాలి? అంతా తయారీదారు దయ, మన ప్రాప్తం. ఒకడు రెప్పపాటులో సగం సేపు కొలుస్తాడు. ఇంకొకడు అసలు కొలవడు. పక్కవాడు వెయ్యి వేశాడు కదా, మనం పన్నెండొందలు వేద్దాం అనుకుంటాడు. నిలకడగా, కాలిపోకుండా ఇవ్వగలిగిన శక్తికి బజార్లో ఆర్‌ఎంఎస్ వాట్లని పేరు. ఆ అంకె పెట్టె మీద ఎందుకుండదు? ఉంటే ఎవరు కొంటారు?

మన దేశంలో తూనికలు, కొలతల శాఖ అని ఒకటుంది. చేతిలో 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ఉంది. రైతుబజార్లో కాటా రాళ్లు తిరగేసి చూస్తుంది. పెట్రోలు బంకులో అయిదు లీటర్ల కొలపాత్ర పెట్టి పట్టుకుంటుంది. ఉప్పు పొట్లం మీద బరువు రాయకపోతే కేసు. రాసిన బరువు లేకపోతే కేసు. మంచిదే, శభాష్. మరి వాటు కొలత కాదా? కిలో, మీటరు, సెకను కలిస్తే పుట్టిందే కదా వాటు? ఉప్పులో ఇరవై గ్రాములు తగ్గితే కిరాణా కొట్టాయన దొంగ. వాట్లలో వెయ్యికి తొమ్మిది వందల తొంభై అయిదు తగ్గితే దాన్ని 'మహా సేల్' అంటారు. మొదటి పేజీలో నిండు ప్రకటన వేస్తారు. తనిఖీ అధికారి గారు కూడా ఆ పేజీ చూసే ఉంటారు. చూసి, ఇంటికి ఒకటి తెచ్చుకుని ఉంటారు.

బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉందిగా సార్ అంటాడు షోరూం కుర్రాడు. ఉంది బాబూ, ఎవరు కాదన్నారు? అది షాక్ కొట్టకుండా, ఇల్లు తగలబడకుండా కాపాడడానికి. వాట్లు నిజమో అబద్ధమో తేల్చడానికి కాదు. తమాషా ఏమిటంటే, తప్పనిసరి రిజిస్ట్రేషన్ తెచ్చిన 2012 నాటి ఉత్తర్వు సంగీత పరికరాలను లెక్కగట్టింది ఇన్‌పుట్ వాట్లతోనే. 200 వాట్లు, ఆ పైన అని మొదలుపెట్టి తర్వాత చిన్నవాటినీ చేర్చారు. అంటే ఢిల్లీలో కూర్చున్న పెద్దలకు పెట్టె వెనక వైపు చదవడం బాగానే వచ్చు. ముందు వైపు చదవాల్సి వచ్చేసరికే కళ్లజోడు కనపడదు. జీఎస్టీ మాత్రం పైసాతో సహా కనపడుతుంది.

ఇదంతా చవక సరుకు గోల, మాది ఎనభై వేల రిసీవర్ అని మీసం తిప్పుతున్నారా? కాస్త ఆగండి. మీదీ ఆ వంశమే. సూటు తొడుక్కుంది, ఇంగ్లిష్ నేర్చుకుంది, అంతే తేడా.

'7.2 ఛానెళ్లు. ఛానెల్‌కు 150 వాట్లు.' ఏడు నూట యాభైలు వెయ్యిన్నీ యాభై. దీన్నీ వెనక్కి తిప్పండి. కరెంటు వినియోగం ఏ అయిదు వందల వాట్ల దగ్గరో ఉంటుంది. తాగిన కరెంటులో కొంత వేడిగా పోతుంది. రిసీవర్ నెత్తి మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. మిగిలిన దాంట్లోంచి వెయ్యిన్నీ యాభై ఎట్లా ఊడిపడింది? కంపెనీ దగ్గర జవాబు సిద్ధం. 'వెనక రాసింది మామూలు వాడకం సార్, గరిష్ఠం కాదు' అంటారు. భలే! కరెంటు బిల్లు దగ్గర మామూలు లెక్క, గొప్పలు చెప్పుకునే దగ్గర గరిష్ఠ లెక్క. ఒకే పెట్టెకు రెండు ఖాతా పుస్తకాలన్నమాట. ఈ విద్య ఇన్‌కంటాక్స్ వాళ్ల ముందు మనం ప్రదర్శిస్తే ఊరుకుంటారా?

నూట యాభై పక్కన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. దాని వెంట పోండి. బ్రోషర్ చివరి పేజీ అడుగున దాని కాపురం: 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం టీహెచ్‌డీ, ఒక ఛానెల్ నడుస్తున్నప్పుడు. దీన్ని మన భాషలోకి దించుకుందాం. మీ స్పీకర్లు 8 ఓమ్స్‌వి కావచ్చు, లెక్క మాత్రం 6కు కట్టారు. అట్లా అయితే అంకె లావవుతుంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వీళ్లు అందులోంచి ఒకే ఒక్క స్వరం ఏరుకుని వాయించారు. 10 శాతం టీహెచ్‌డీ అంటే, శబ్దంలో పదో వంతు చెత్త కలిసినా పర్వాలేదనుకున్నారు. ఏడు ఛానెళ్లలో ఆరింటి నోరు నొక్కేసి, విద్యుత్తంతా ఏడోదానికే ధారపోశారు. అప్పుడొచ్చింది నూట యాభై. ఒకే ఛానెల్‌లో, ఒకే స్వరం, చిరిగిన గొంతుతో మోగే సినిమా మీరెప్పుడైనా చూశారా? మరి ఎవరి కోసం ఈ కొలత?

అడగాల్సిన అంకె వేరే ఉంది. 8 ఓమ్స్ దగ్గర, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు టీహెచ్‌డీతో, కనీసం రెండు ఛానెళ్లు కలిసి మోగుతుండగా ఎంత? ఈ నాలుగు షరతులు పెట్టగానే నూట యాభై గారు చొక్కా నలిగి ఎనభై, తొంభై దగ్గర కూర్చుంటారు. అంత తక్కువా అని బెంగ పడకండి. అది నిజాయితీ అంకె. మామూలు ఇంటికి అదే ఎక్కువ. మరి ఆ నిజం ముందు వైపు అచ్చేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

అమెరికా వాడు ఈ రోగాన్ని ఎప్పుడో గుర్తించాడు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ల వాట్లకు నిబంధన పెట్టింది. ఇష్టమొచ్చిన షరతులతో ఇష్టమొచ్చిన అంకెలు వేస్తే కుదరదంది. 2024లో దాన్ని మళ్లీ బిగించింది: 8 ఓమ్స్, 20 నుంచి 20,000 హెర్ట్జ్, 1 శాతం లోపు టీహెచ్‌డీ. అంటే డాలస్‌లో మన తెలుగాయన రిసీవర్ కొంటే, ప్రకటనలో వాట్ల లెక్క ఈ కొలబద్దకు లోబడాలి. అదే రిసీవర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన తమ్ముడు కొంటే? అడిగే నాథుడు లేడు. చెవులు ఇద్దరికీ రెండే కదా? లేక ఇక్కడి చెవులకు పువ్వు పెట్టడానికి చోటు ఎక్కువా?

ఆ డాలస్ అన్నయ్య ఇంకో పుణ్యం కట్టుకుంటాడు. అక్కడ డిస్కౌంట్‌లో కొన్న రిసీవర్‌ను సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెస్తాడు. దాని కడుపు 120 వోల్టులకు అలవాటు పడింది. మన గోడలో 230 ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు. ప్లగ్గు పెడతారు. 'టప్' అంటుంది. జీవితంలో అది చేసిన ఒకే ఒక్క శబ్దం అదే. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదని సర్వీస్ సెంటర్‌లో అప్పుడు చెప్తారు.

పోనీ, వాట్లన్నీ నిజమనే అనుకుందాం. ఏం చేసుకుంటారు వాటిని? శక్తి రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి మోత రెట్టింపయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే శక్తి పదింతలు కావాలి. వంద వాట్ల రిసీవర్ వదిలేసి, మరో ఇరవై వేలు పోసి, నూట ఇరవై వాట్లది ఎత్తుకొచ్చారు. ఎంత పెరిగింది? ఒక్క డెసిబెల్ కూడా కాదు. ఇరవై వేలకు ముప్పావు డెసిబెల్! పక్కింటి కుక్కకు కూడా తెలియదు.

స్పీకర్ మీద రాసిన '200 వాట్లు' ఇంకో మాయ. అది స్పీకర్ ఇచ్చే మోత కాదు. అది తట్టుకోగల దెబ్బ. మోత తెలియాలంటే సెన్సిటివిటీ అనే అంకె అడగాలి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్? ఒకటి 86 ఇస్తుంది, ఇంకొకటి 89 ఇస్తుంది. రెండోదానికి సగం శక్తి చాలు. మొదటిదాని మీద 200 అని, రెండోదాని మీద 100 అని రాసి ఉండొచ్చు. జనం దేన్ని ఎత్తుకుపోతారో వేరే చెప్పాలా? షోరూంలో ఈ అంకె అడిగి చూడండి, వినోదం గ్యారంటీ. కుర్రాడు మేనేజర్ను పిలుస్తాడు. మేనేజర్ కంపెనీ ప్రమోటర్ను పిలుస్తాడు. ప్రమోటర్ గూగుల్‌ను పిలుస్తాడు. గూగుల్ మిమ్మల్ని మళ్లీ ఆ కంపెనీ ప్రకటన దగ్గరికే తీసుకొస్తుంది.

రాత్రి భోజనం చేసి, సోఫాలో కాళ్లు చాపుకుని, నలుగురూ కలిసి సినిమా చూసేటప్పుడు ఒక్కో స్పీకర్‌కు పోయేది చాలాసేపు ఒక వాటో, అందులో సగమో. బాంబు పేలినప్పుడు, హీరో గారు నేల మీద కాలు తన్నినప్పుడు మాత్రం ఒక్క క్షణం పదులూ వందలూ కావాలి. ఆ క్షణం కోసం కొంత నిల్వ ఉండాలి, నిజమే. అందుకని వెయ్యి వాట్లు మెడకు కట్టుకుని తిరగాలా?

ఇప్పుడు అట్మాస్ మహత్యం విందాం. 2012లో 'బ్రేవ్' సినిమాతో థియేటర్లలోకి వచ్చింది. రెండేళ్లకు ఇళ్లలోకి దిగింది. శబ్దం చుట్టూ తిరగడమే కాదు, నెత్తి మీద నుంచీ వస్తుంది. ఆలోచన గొప్పది, కాదనను. బాగా అమర్చిన గదిలో వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ పేరు ఇప్పుడు ఎక్కడెక్కడ అంటిస్తున్నారు? ఫోను మీద అట్మాస్. ల్యాప్‌టాప్ మీద అట్మాస్. మూరెడు సౌండ్ బార్ మీద అట్మాస్. వెనక స్పీకర్లేవయ్యా? 'వర్చువల్ సార్.' పైన స్పీకర్లు? 'అవీ వర్చువల్ సార్.' మరి ధర? అది మాత్రం అసలు సిసలు. ఈఎంఐ కూడా అసలే.

కొన్ని బార్లలో నిజంగానే ఆకాశం వైపు చూసే స్పీకర్లుంటాయి. అవి శబ్దాన్ని సీలింగ్ మీదికి కొడతాయి. అక్కడ తగిలి మన నెత్తిన పడాలి. దానికి సీలింగ్ చదునుగా, గట్టిగా ఉండాలి, మరీ ఎత్తుండకూడదు. మన సీలింగ్ ఎట్లా ఉంటుంది? ఇంటీరియర్ డిజైనర్ గారు మూడు అంతస్తుల ఫాల్స్ సీలింగ్ దించారు. అందులో కలువ పువ్వు. పువ్వు చుట్టూ నీలం లైట్లు. పువ్వు మధ్యలో షాండిలియర్. దాని పక్కన గరగరలాడే ఫ్యాను. హెలికాప్టర్ శబ్దం పైకి వెళ్లి ఈ చక్రవ్యూహంలో చిక్కుకుంటుంది. తిరిగి రావడానికి దానికి దారి చెప్పిందెవరు? మీరు విన్న హెలికాప్టర్ హెలికాప్టర్ కాదు మహాప్రభో, మీ ఫ్యానే.

ఇంకా ఉంది. బార్ అట్మాస్‌దే. టీవీ పాతది. తీగ తప్పు సాకెట్లో ఉంది. సినిమా చూపించే యాప్ ఏమో ఖరీదైన ప్లాను కడితే తప్ప అట్మాస్ ఇవ్వదు. మీరు పాస్‌వర్డ్ అప్పు తెచ్చుకున్నది బావమరిది చవక ప్లానుది. గొలుసులో ఒక్క లంకె తెగినా అట్మాస్ రాదు, ఒక్కోసారి వచ్చేది మామూలు స్టీరియోనే. ఈ గొలుసు సంగతి అమ్మేటప్పుడు చెప్పారా? ఎందుకు చెప్తారు? చెప్తే మీరు ఆలోచిస్తారు. మీరు ఆలోచిస్తే వాళ్ల నెలవారీ టార్గెట్ ఏం కావాలి?

కొత్త నంబర్ల మోజుకు ఒక ఉదాహరణ చాలు. 2020లో పేరున్న జపాన్ బ్రాండ్లు '8కే' రిసీవర్లను గొప్పగా దించాయి. తీరా కొత్త ఎక్స్‌బాక్స్ తగిలిస్తే 4కే, 120 హెర్ట్జ్ బొమ్మ దాటలేదు. లోపలి హెచ్‌డీఎంఐ చిప్‌లోనే లోపం. తర్వాత ఒక కంపెనీ విడిగా డబ్బా ఇచ్చింది, ఇంకొకటి బోర్డు మారుస్తానంది. భవిష్యత్తుకు సిద్ధం అని రాసిన పెట్టె వర్తమానానికే సిద్ధంగా లేదు. కొత్త మోడల్ వచ్చిన వారమే ఎగబడేవాళ్లు కంపెనీకి జీతం లేని టెస్టర్లు.

గది గురించి ఎవరూ మాట్లాడరెందుకని? ఎందుకంటే గదిని అమ్మలేరు. పొరపాటు, అమ్ముతున్నారు. బిల్డర్ గారున్నారు కదా.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్. కోట్ల విల్లాలు. బ్రోషర్ తిప్పితే పై అంతస్తులో 'హోం థియేటర్'. బొమ్మలో ఎర్ర సోఫాలు, నక్షత్రాల సీలింగ్, పాప్‌కార్న్ మిషను. కట్టాక చూస్తే పన్నెండు బై పధ్నాలుగు గది. మూడు వైపులా తళతళలాడే టైల్స్, నాలుగో వైపు గోడంత అద్దం. చప్పట్లు కొడితే మూడుసార్లు తిరిగి వినపడుతుంది. స్పీకర్ తీగలకు గోడలో గొట్టాలే వేయలేదు. సౌండ్ ప్రూఫింగ్? 'అది ఎక్స్‌ట్రా సార్, ఇంటీరియర్ వాళ్లు చూసుకుంటారు.' మరి ఏ ధైర్యంతో దాన్ని థియేటర్ అన్నారు? పేరు పెట్టినంత మాత్రాన థియేటరైపోతే, రాజధాని అని బోర్డు పెట్టిన ప్రతి పొలమూ రాజధాని అయ్యేది. ఏడాది తిరిగేసరికి ఆ గదిలో ఖాళీ సూట్‌కేసులు, ట్రెడ్‌మిల్లు, ఇస్త్రీ చేయాల్సిన బట్టలు. కింద హాల్లో నాయనమ్మ టీవీ సొంత స్పీకర్‌లోనే సీరియల్ చూస్తుంటుంది. ఇల్లు మొత్తం మీద మాటలు స్పష్టంగా వినపడేది ఆవిడకొక్కదానికే.

మాటలంటే గుర్తొచ్చింది. ఈ దేశంలో హోం థియేటర్ ఉన్న ప్రతి ఇంట్లో సాగే వ్యాయామం మీకు తెలుసు. డైలాగు వినపడదు, వాల్యూం పెంచుతారు. పాట మొదలవుతుంది, గుండె అదురుతుంది, తగ్గిస్తారు. హీరోయిన్ ఏదో గొణుగుతుంది, పెంచుతారు. గూండా మీద పడి టేబుల్ విరుగుతుంది, పసిపాప లేచి ఏడుస్తుంది, తగ్గిస్తారు. రెండున్నర గంటలు రిమోట్ చేతిలోంచి దిగదు. దోషం ఎవరిది? సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకర్‌లో, అంటే సెంటర్ ఛానెల్‌లో వస్తాయి. మనం డబ్బంతా మనిషెత్తు టవర్ స్పీకర్లకు పోశాం. వచ్చినవాళ్లకు కనపడాలి కదా! సెంటర్‌కు మిగిలింది చిల్లర. ఆ చిల్లర స్పీకర్నూ టీవీ కింద బీరువాలో తోసి, ముందు తలుపు మూసి, తలుపు మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ పెట్టాం. ఇక మాట ఎట్లా బయటికొస్తుంది?

నా మాట వింటే, వినరని తెలిసినా చెప్తున్నాను, ముందు మూడు స్పీకర్లకు ఖర్చు పెట్టండి. కుడి, ఎడమ, మధ్య. మూడూ ఒకే కంపెనీ, ఒకే వరసవి. కుడి ఎడమలు మీకు తలా 30 డిగ్రీల పక్కకు, చెవి ఎత్తులో. తర్వాత ఒక మంచి సబ్‌వూఫర్. వెనక స్పీకర్లు చిన్నవైనా చాలు, సోఫాకు రెండు పక్కలా కాస్త వెనగ్గా. నెత్తి మీదివి బోనస్ వచ్చిన ఏడాదికి చూసుకోవచ్చు. రిసీవర్ చివర ఎంచుకోవాలి, స్పీకర్ల ఆకలి తెలిశాక. షోరూంలో మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ముందు రిసీవర్ పెట్టె చూపిస్తారు. స్పీకర్లు 'కాంబో'లో వస్తాయి. నేల మీద ఒక మందపాటి తివాచీ, కిటికీకి బరువైన పరదా, ఒక గోడకు పుస్తకాల అర పెడితే, లక్ష రూపాయల రిసీవర్ మార్చినా రాని తేడా వస్తుంది. కానీ తివాచీ మీద అట్మాస్ స్టిక్కర్ ఉండదు. మొహమాటంగా ఉంటుంది మరి.

షోరూం డెమో అనేది ఇంకో నాటకం. చీకటి గది, మెత్తటి కుర్చీ, చల్లటి ఏసీ. అన్ని షోరూంలలోనూ ఒకే రకం సీను: కారు గాల్లో పల్టీ కొడుతుంది, గాజు పగులుతుంది, ఏదో పేలుతుంది. వూఫర్ నిండుగా తిప్పి ఉంచుతారు. మీరు కొనాలని వాళ్లు కోరుకునే సెట్టును పక్కదానికన్నా కాస్త గట్టిగా మోగిస్తారు. మన చెవి వెర్రిది. ఏది గట్టిగా వినపడితే అదే బాగుందనుకుంటుంది. ఎన్నికల సభల్లోనూ ఇదే కదా జరిగేది?

మీరు వాళ్ల పేలుళ్లు వినొద్దు. 'మాయాబజార్' పెట్టమనండి. 1957 నాటి సినిమా, అసలు ముద్రణ మోనో. ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావు నోరు విప్పుతారు. ఆ గొంతులో బరువు వినపడిందా? ప్రతి అక్షరం తెలిసిందా? తెలిస్తే ఆ స్పీకర్ గురించి ఆలోచించండి. ఎస్వీఆర్ గొంతు డబ్బాలో గవ్వలు ఆడించినట్టుంటే, ఎన్ని ఛానెళ్లున్నా, ఎన్ని వాట్లున్నా, నమస్కారం పెట్టి వచ్చేయండి. కుర్రాడు వింతగా చూస్తాడు. చూడనీయండి.

యూట్యూబ్‌లో సమీక్షలు చూసి కొంటామంటారా? మంచిది. ఒకాయన తన గదిలో స్పీకర్ మోగించి ఫోను మైకులో రికార్డు చేస్తాడు. అది మీరు మీ ఫోను స్పీకర్లో వింటారు. విని 'బేస్ అదిరింది బ్రో' అని రాస్తారు. ఏ బేస్? ఎవరి బేస్? కంపెనీ ఉచితంగా పంపిన పెట్టె పక్కన నిలబడి నిష్పాక్షికత గురించి ఉపన్యసించే ఆ మొహాలకు సిగ్గు కూడా వర్చువలే.

వీళ్లకన్నా కోఠీ గుజరాతీ గల్లీలో అసెంబుల్డ్ యాంప్లిఫయర్ అమ్మే పెద్దమనిషి నయం. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని ఆంపియర్లో చెప్తాడు. లోపల ఏ ఐసీ వేశాడో చెప్తాడు. బిల్లివ్వడు. వారంటీ ఇవ్వడు. ఆ సంగతి కూడా ముందే చెప్తాడు.

తీగల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ కొంటే రంగులు గాఢంగా, మాటలు తీయగా వస్తాయని ఎవరైనా చెప్తే అతన్ని వెంటనే ఏదైనా పార్టీలో చేర్పించండి. మంచి భవిష్యత్తుంది. అది డిజిటల్ సంకేతం. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే బొమ్మ మిణుకుమంటుంది, ఆగిపోతుంది. అవసరమైన వేగానికి సర్టిఫికెట్ ఉన్న మామూలు తీగ చాలు.

ఇక పక్కింటివాళ్లు. మీ వూఫర్ 40 హెర్ట్జ్ మోగిస్తే ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. నాలుగంగుళాల ఇటుక గోడ దానికో అడ్డా? మీ హీరో కాలు తన్నితే పక్క ఫ్లాట్‌లో గిన్నెలు లేస్తాయి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచీ ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. సొంత ఇంట్లో మోగించినా, హద్దు దగ్గర ఈ పరిమితికి 5 డెసిబెల్స్ మించకూడదు. ఎంత చక్కటి నిబంధన! అమలు చేయాల్సిన నాయకుడి ఊరేగింపులో ట్రాక్టర్ మీద డీజే బాక్సులు వీధి కిటికీలను ఊపేస్తుంటాయి. ఆ బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ చెవిలో దూది పెట్టుకుని నిలబడతాడు. ఇక మీ మూడో అంతస్తు ముసలాయన ఫోన్ చేస్తే ఎవరొస్తారు?

ఇన్ని మోసాలు జరుగుతుంటే చట్టం లేదా అంటారు. ఎందుకు లేదు? మన దగ్గర చట్టాలకు కరువా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షలు. ఆ స్పీకర్ పక్కన నిలబడి, ఏనాడూ తన ఇంట్లో పెట్టుకోని సరుకును మీకు పెట్టుకోమని చెప్పే నటుడు గారిని ఏడాది పాటు ప్రకటనల్లో కనపడకుండా చేయొచ్చు, మళ్లీ తప్పు చేస్తే మూడేళ్లు. 2022లో మార్గదర్శకాలూ వచ్చాయి. చిన్నక్షరాల షరతుల వెనక అసలు విషయం దాచకూడదు, తప్పుడు మాటను చిన్నక్షరాలతో దిద్దినట్టు నటించకూడదు, షరతు స్పష్టంగా కనపడాలి అన్నారు. అక్షరాలా ఈ వాట్ల బాగోతానికే రాసినట్టుంది. మరి పండగొస్తే ఆ పెట్టెలు ఆ మంటల బొమ్మలతోనే ఎందుకు గుట్టలు పడుతున్నాయి?

మీరే ఫిర్యాదు చేయొచ్చు. 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సరుకు విలువ 5 లక్షల లోపైతే దాఖలు ఫీజు కూడా లేదు. ఎంత దయ! కాకపోతే వాట్లు తగ్గాయని రుజువు కావాలి. పెట్టెను ప్రయోగశాలకు పంపాలి. అక్కడి పరీక్ష ఖర్చు ముందుగా ఫిర్యాదుదారే కట్టాలని చట్టంలోనే ఉంది. వెయ్యి వాట్లని రాసినవాడు రుజువు కోసం ముందుగా పైసా కట్టక్కర్లేదు. వెయ్యి కాదన్నవాడు డబ్బు కట్టి నిరూపించుకోవాలి. స్పీకర్ మూడు వేలు. దాని అబద్ధాన్ని కొలిపించడానికి ఎంతవుతుందో, ఎన్ని వాయిదాలు తిరగాలో కనుక్కుని, సెలవు పెట్టుకుని మరీ వెళ్లండి. వెళ్లేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు మరిచిపోవద్దు. అన్నట్టు, కార్డు మీద షోరూం వాళ్లు స్టాంపు వేశారో లేదో చూశారా?